సీఎస్ఆర్ ఫైలు ఎందుకు వెనక్కొచ్చిందంటే

సీఎస్ఆర్ (కంపెనీలు సామాజిక పనులకు ఇచ్చే డబ్బు) ఫైలు వెనక్కి రావడం ఎక్కువగా సీఎస్ఆర్-1 లేకే, అంటే ఆ డబ్బు తీసుకునే సంస్థ కేంద్రం దగ్గర నమోదు కావడానికి వేసే ఫారం. మీది పర్లాకిమిడి సొసైటీ, చింతపండు యూనిట్‌కి డబ్బడిగారు, ఆదాయపు పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లు 12ఏ, 80జీ రెండూ ఉన్నాయి, అయినా కంపెనీవాళ్లు "రిజిస్ట్రేషన్ లేదు" అన్నారని రాశారు కదా. వాళ్లడిగేది సొసైటీ రిజిస్ట్రేషన్ కాదు, అందరూ అక్కడే పొరబడతారు.

1. 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్ఆర్ డబ్బు తీసుకునే సంస్థ ఏదైనా కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్‌లో సీఎస్ఆర్-1 ఫైల్ చేయాలి, భువనేశ్వర్‌లో రాష్ట్రం ఇచ్చిన కాగితాలు ఎన్నున్నా ఇది వేరే.

2. ఫారం మీద మీ సెక్రటరీ డిజిటల్ సంతకం ఉండాలి, ప్రాక్టీసులో ఉన్న సీఏనో కంపెనీ సెక్రటరీనో (సీఎస్) కాస్ట్ అకౌంటెంటో సర్టిఫై చేయాలి. సబ్మిట్ అయ్యాక నంబరు వస్తుంది, అదే కంపెనీకి ఇవ్వండి.

3. మీరు డబ్బడిగే పనిలాంటిదాంట్లో మూడేళ్ల అనుభవం కూడా చూస్తారు, కాబట్టి పాత ఆడిట్ లెక్కలు, ఫొటోలు జత చేయండి.

మహిళా సంఘం పేరు మీద మాత్రం అడగొద్దు, ట్రస్టు, సొసైటీ, సెక్షన్ 8 కంపెనీ (లాభాపేక్ష లేనిది) లాంటివాటికే అవుతుంది.

ఇంకోటి, "మా సీఎస్ఆర్-1 నంబరు మీద డబ్బు తెస్తాం, పది శాతం మాకు" అనేవాళ్లు మా రాయగడలో కూడా తగిలారు, ఒప్పుకోకండి, రేపు ఖర్చు లెక్కలు అడిగితే ఇరుక్కునేది మీరే.