స్ప్లెండర్ ఆయిల్ మనమే మార్చుకోవాలా, షాపుకి ఇవ్వాలా?

మీరు అడిగింది ఇదీ: స్ప్లెండర్ ప్లస్‌కి వారంటీ అయిపోయింది, సర్వీస్ సెంటర్‌కి వెళ్లిన ప్రతిసారీ బిల్లు వెయ్యి దాటుతోంది, వీడియోల్లో చూస్తే ఆయిల్ మార్చడం పావుగంట పనిలా కనిపిస్తోంది, మనమే చేసుకుంటే డబ్బు మిగలదా అని.

చేసుకోవచ్చండీ. నేను కొన్నేళ్లుగా నా స్ప్లెండర్‌కి ఇంటి దగ్గరే మార్చుకుంటున్నాను. కానీ డబ్బు కోసమే అయితే మాత్రం అంత శ్రమ అక్కర్లేదు. మీ బిల్లు ఒకసారి తీసి చూడండి. అందులో ఆయిల్ ఖరీదు సగం కూడా ఉండదు. మిగతాదంతా జనరల్ సర్వీస్ లేబర్, చైన్ లూబ్, పాలిష్, కన్స్యూమబుల్స్ అని ఒక గీత. మా వీధి చివరి మెకానిక్‌కి ఆయిల్ డబ్బా తీసుకెళ్లి ఇస్తే మార్చినందుకు యాభయ్యో వందో తీసుకుంటాడు. అంటే మీరు సొంతంగా చేస్తే మిగిలేది ఆ వందే. పానా, గరాటు, టబ్బు కొంటే మొదటి ఏడాది అదీ మిగలదు.

మరి నేనెందుకు చేస్తున్నానంటే, ఇంజిన్‌లోకి ఏం వెళ్లిందో నాకు తెలియాలి కాబట్టి. ఒక షాపులో బిల్లు మీద కంపెనీ డబ్బా పేరు రాసి, నా కళ్ల ముందే డ్రమ్ములోంచి జగ్గుతో పట్టి పోశారు. అడిగితే 'అదే ఆయిల్ సార్, బల్క్‌లో వస్తుంది' అన్నారు. నిజమే అయ్యుండొచ్చు, కొన్ని చోట్ల అలాగే వస్తుంది. కానీ దాని మీద ఏ గ్రేడ్ రాసుందో నేను చూడలేను కదా.

గ్రేడ్ ఎందుకంత ముఖ్యమో చెప్తాను. కారులో క్లచ్ ఇంజిన్ ఆయిల్‌కి దూరంగా ఉంటుంది. మన బైకుల్లో క్లచ్ ప్లేట్లు, గేర్లు అన్నీ అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారు ఆయిల్‌లో రాపిడి తగ్గించడానికి కలిపే కొన్ని పదార్థాలు క్లచ్ ప్లేట్లని జారేలా చేస్తాయి. రేస్ ఇస్తే ఇంజిన్ అరుస్తుంది గాని బండి లాగదు. అందుకే డబ్బా వెనక జాసో (JASO, బైక్ ఆయిల్‌కి జపాన్ వాళ్లు పెట్టిన ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూడాలి. ఎంబీ అని ఉంటే అది యాక్టివా లాంటి గేర్లు లేని స్కూటర్ల కోసం, వాటి క్లచ్ ఆయిల్‌లో ఉండదు. స్ప్లెండర్‌కి 10డబ్ల్యూ30 (10W-30, ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెప్పే నంబరు), ఎంఏ రకం కావాలి. పల్సర్ 150కి చెప్పే 20డబ్ల్యూ50ని 'చిక్కగా ఉంటుంది, మంచిది' అని దీంట్లో పోసే మెకానిక్‌లు ఉన్నారు. వినకండి. అంత చిక్కటి ఆయిల్ చలికాలం పొద్దున ఇంజిన్ పైభాగానికి చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది, మైలేజీ కూడా కొంచెం తగ్గుతుంది.

కొనేది కూడా చూసి కొనండి. ఖాళీ డబ్బాలు సేకరించి నకిలీ ఆయిల్ నింపి అమ్మేవాళ్లు ఉన్నారు. నేను హీరో వాళ్ల స్పేర్స్ కౌంటర్‌లో గాని, పెట్రోల్ బంకులో గాని కొంటాను. ఇండియన్ ఆయిల్ బంకులో సర్వో, హెచ్‌పీలో రేసర్, భారత్ బంకులో మాక్, మూడింట్లోనూ బైక్ ఆయిల్ దొరుకుతుంది. వాడిన డబ్బాకి మేకుతో చిల్లు పెట్టి పారేస్తే మళ్లీ ఎవరూ నింపలేరు.

ఇక పని. స్ప్లెండర్‌లో మార్చాల్సిన పేపర్ ఆయిల్ ఫిల్టర్ లేదు, అదే మీ అదృష్టం. బండిని రెండు మూడు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపండి, ఆయిల్ గోరువెచ్చగా అయితే పల్చబడి బాగా దిగుతుంది. చాలాసేపు తిప్పి తెచ్చి వెంటనే విప్పితే చేయి కాలుతుంది. సమంగా ఉన్న నేల మీద సెంటర్ స్టాండ్ వేయాలి. డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల ఉన్న మూత) తీసేసి, కింద టబ్బు పెట్టి, 17 నంబర్ పానాతో ఇంజిన్ అడుగున ఉన్న డ్రెయిన్ బోల్ట్ విప్పండి. తొందరపడకండి, చివరి చుక్కలు పడేదాకా వదిలేయండి. ఇగ్నిషన్ ఆఫ్‌లో పెట్టి నాలుగైదు కిక్కులు కొడితే మిగిలింది కూడా దిగుతుంది. రోడ్డు పక్కన రద్దీలో ఉన్న మెకానిక్ చేయని పని ఇదే. ధార ఆగగానే బోల్ట్ బిగించేస్తాడు.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది ఆ బోల్ట్ దగ్గర. ఇంజిన్ అడుగు మెత్తటి అల్యూమినియం, బోల్ట్ గట్టి స్టీలు, వంకరగా ఎక్కిస్తే ఇంజిన్ వైపు థ్రెడ్ (మర) పాడవుతుంది. మొదటి నాలుగు చుట్లు వేళ్లతోనే తిప్పాలి. పట్టేస్తే వెనక్కి తిప్పి మళ్లీ ఎక్కించండి, పానా పెట్టి బలవంతం చేయకండి. పాత వాషర్ తీసి కొత్తది వేయండి, పది ఇరవై రూపాయలకి దొరుకుతుంది. బిగువు తగిలాక పొట్టి పానాతో మరి కాస్త, అంతే. ఆయిల్ కారుతుందేమోనన్న భయంతో పానాకి పైపు తగిలించి బిగించేవాళ్లని చూశాను. అలా థ్రెడ్ పోతే లేత్ షాపులో కొత్త థ్రెడ్ వేయించాలి, మీరు ఏళ్ల తరబడి ఆదా చేసింది ఒక్కరోజులో పోతుంది.

పోసేటప్పుడు డబ్బా మొత్తం ఒకేసారి ఒంపొద్దు. మాన్యువల్‌లో డ్రెయిన్ చేశాక ఎంత పోయాలో రాసి ఉంటుంది, దానికి కాస్త తక్కువే పోసి డిప్‌స్టిక్ పెట్టి చూడండి. మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి, బిగించి చూస్తే లెవెల్ తప్పుగా కనిపిస్తుంది. ఒక నిమిషం ఇంజిన్ నడిపి, ఆపి, రెండు మూడు నిమిషాలాగి మళ్లీ చూసి, రెండు గీతల మధ్యకి తెచ్చుకోండి. ఎక్కువ పోసినా మంచిది కాదు, ఎయిర్ ఫిల్టర్ వైపు ఆయిల్ తన్నే అవకాశం ఉంది.

మీది అపార్ట్‌మెంట్ అయితే ఈ పనికి చోటే ఉండదు. సెల్లార్‌లో ఒక్క చుక్క పడినా వాచ్‌మన్ నుంచి ప్రెసిడెంట్ దాకా అందరికీ సమాధానం చెప్పుకోవాలి. అలాంటప్పుడు ఆయిల్, వాషర్ మీరే కొని మెకానిక్ దగ్గరికి వెళ్లి పక్కనే నిలబడండి. రద్దీ లేని మధ్యాహ్నం పూట వెళ్తే 'అన్నా, పది నిమిషాలు కారనియ్' అంటే ఏమీ అనుకోడు. మీ పరిస్థితికి నేను చెప్పేది ఇదే. సొంతంగా చేయడంలో ఉన్న లాభం దాదాపు అంతా వస్తుంది, చేతికి నల్లమరక అంటదు.

ఫ్రీ సర్వీసులు ఉన్న కొత్త బండి అయితే మారు మాట్లాడకుండా కంపెనీ సర్వీస్‌కే ఇవ్వండి, వారంటీ షరతులు దానికి ముడిపడి ఉంటాయి. ఎన్‌ఫీల్డ్ 350 లాంటి వాటికి ఫిల్టర్, కవరు, ఓ-రింగులు ఉంటాయి కాబట్టి మొదటిసారి తెలిసినవాళ్లు చేస్తుంటే చూడటం మేలు.

ఎప్పుడు మార్చాలంటే, నా మాన్యువల్‌లో 6,000 కిలోమీటర్లకి మార్చమని, మధ్యలో 3,000 దగ్గర లెవెల్ చూసి పోయమని ఉంది. మెకానిక్‌లు రెండు వేలకే మార్చమంటారు. ట్రాఫిక్‌లో, దుమ్ములో తిరిగే బండి కాబట్టి నేను 3,000కే మారుస్తాను, అది నా చాదస్తం అనుకోండి.

తీసిన నల్ల ఆయిల్‌ని మాత్రం డ్రైనేజీలో పోయకండి. మా ఊళ్లో సెంట్రింగ్ రేకులకి పూస్తారు, దూలాలకి చెదలు పట్టకుండా రాస్తారు, అది కూడా చివరికి మట్టిలోకే పోతుంది. పాత డబ్బాలో పోసి మూత బిగించి మెకానిక్‌కే ఇవ్వండి. వాళ్ల డ్రమ్ము నిండితే కొనుక్కెళ్లేవాళ్లు వస్తారు. ఇచ్చే ముందు రీసైక్లింగ్‌కే వెళ్తుందా అని ఒక మాట అడగండి. 2024 ఏప్రిల్ నుంచి వాడిన ఆయిల్ రీసైక్లింగ్ బాధ్యత ఆయిల్ తయారుచేసేవాళ్ల మీద పెడుతూ కేంద్రం నిబంధనలు కూడా తెచ్చింది. ఆ డబ్బాకి చిల్లు పెట్టే పని అప్పుడు మెకానిక్‌కి వదిలేయాలి.