బండి మార్చాలా, బాగు చేయించాలా?

పాఠకుల ప్రశ్నలకు ఓ పాత ట్రాక్టర్ మెకానిక్ జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ ఖర్చు గురించే. ధరలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి డబ్బు అంకెలు చెప్పను. కొత్త ట్రాక్టరు ధర 1000 అనుకుని లెక్కలు వేస్తాను, మీ దగ్గరి ధర పెట్టుకుని మీరు సరిచూసుకోండి.

ప్రశ్న: మా ట్రాక్టరు 7000 గంటలు దాటింది. క్లచ్ జారుతోంది. ఎత్తిన రోటవేటరు దానంతట అదే కిందికి దిగిపోతోంది, హైడ్రాలిక్ పంపు పోయిందన్నారు. మొత్తం బాగుచేతకు కొత్త బండి ధరలో పదో వంతు అవుతుందట. పిల్లలు దీన్ని అమ్మేసి కొత్తది కొందామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: బాగు చేయించండి. పంపు మాత్రం ఇప్పుడే కొనకండి.

పంపు పని ఎత్తడం. ఎత్తిన బరువును నిలబెట్టేది లిఫ్ట్ సిలిండరు సీలు, కంట్రోల్ వాల్వు. రోటవేటరు ఎత్తి, ఇంజన్ ఆపేసి, దూరంగా నిలబడి చూడండి. దాని కిందికి మాత్రం ఎవరూ వెళ్లకూడదు. ఇంజన్ ఆగాక కూడా దిగిపోతుంటే తప్పు సిలిండరు సీలులోనో, వాల్వులోనో ఉంది, పంపుది కాదు. అలా కాకుండా ఆయిల్ వేడెక్కాక ఎత్తడమే కష్టమవుతుంటే, అప్పుడు ముందు స్ట్రెయినరు, ఫిల్టరు, ఆయిల్ మట్టం చూడాలి. పంపు వంతు ఆ తర్వాతే. ఒక రబ్బరు రింగుతో తీరే దానికి కొత్త పంపు వేయించుకున్నవాళ్లు నా షెడ్డుకి చాలామందే వచ్చారు. పంపు కొత్తదే, లిఫ్టు మాత్రం దిగుతూనే ఉండేది.

క్లచ్ కోసం బండిని మధ్యకి విప్పాల్సిందే. ఖర్చులో పెద్ద భాగం ఆ విప్పడానికి, బిగించడానికి అయ్యే కూలి. విప్పినప్పుడే రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు, క్రాంక్ వెనక ఆయిల్ సీలు మార్పించేయండి, ఫ్లైవీలు మొహం గీతలు పడిందేమో చూపించండి. పాత సీలే ఉంచేస్తే అది రేపు కారి, కొత్త ప్లేటుకి నూనె పట్టించి, మీ చేత రెండోసారి అదే కూలి కట్టిస్తుంది.

దీనంతటికీ ముందు ఇంజన్ సంగతి తేల్చుకోండి. కంప్రెషన్ పరీక్ష (ఇంజన్ సిలిండరులో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో చూసేది) చేయించి సిలిండరు సిలిండరుకీ తేడా చూడండి. మూడు బాగుండి ఒకటి పడిపోతే అక్కడేదో ఉంది. బాగా వేడెక్కాక, స్లోలో ఆయిల్ ప్రెషరు ఎంతుందో చూడండి. ఇంజన్ లోపలి ఆవిరి బయటికి వదిలే బ్రీదరు గొట్టం పొగ కక్కుతోందా, ఆయిల్ మార్పుకీ మార్పుకీ మధ్య ఎంత పోయాల్సి వస్తోంది? ఇవి బాగుంటే క్లచ్ మీద పెట్టే డబ్బు వృథా కాదు. బాగాలేకపోతే ఇంజన్ పని కూడా కలిపి మళ్లీ అంచనా వేయించుకోండి.

ఇప్పుడు మీ పిల్లలకు చూపించాల్సిన లెక్క. అమెరికా వ్యవసాయ ఇంజనీర్ల సంఘం, అసాబె, ట్రాక్టరు మరమ్మతులకు చాలాకాలంగా ఒక సూత్రం వాడుతోంది. గంటలు రెట్టింపైతే అప్పటిదాకా అయిన మొత్తం మరమ్మతు ఖర్చు నాలుగింతలవుతుంది. వెనక చక్రాలతో నడిచే మామూలు ట్రాక్టరుకి, ధర 1000 అనుకుంటే, మొదటి 2000 గంటలకి 28 అవుతుంది. 4000 గంటలకి మొత్తం 112, 8000కి 448, 12000 గంటలకి ఇంచుమించు 1000. అంటే ఆ వయసుకి మీరు మరమ్మతుల రూపంలో ఇంకో ట్రాక్టరు కొన్నట్టే. ఇది సగటు. డ్రైవరు చేతిని బట్టి సగమూ కావచ్చు, రెట్టింపూ కావచ్చు.

ఆ సూత్రం ప్రకారం 7000 నుంచి 8000 గంటల మధ్య అయ్యే ఖర్చు 105. మీకు చెప్పింది 100. కాబట్టి బండి మిమ్మల్ని మోసం చేయడం లేదు, దాని వయసుకి తగ్గట్టే అడుగుతోంది.

కొత్త బండి మరమ్మతు అడగదు, నిజమే. కానీ ఊరికే నిలబడినా తింటుంది. 1000 పెట్టి కొని, పదేళ్ల తర్వాత 400కి అమ్మితే ఏడాదికి 60 పోయినట్టు. మధ్యలో ఇరుక్కున్న డబ్బు సగటున 700. దానికి నూటికి 10 చొప్పున వడ్డీ వేస్తే 70. మొత్తం ఏడాదికి 130, బీమా కాకుండా. అందులోనూ ధర ఎక్కువగా పడిపోయేది మొదటి ఏళ్లలోనే. మీ పాత బండి ధర పడాల్సినంతా ఎప్పుడో పడిపోయింది.

మరి పాత బండిని ఎప్పుడు వదలాలి? నన్నడిగితే, మరమ్మతు బిల్లు ఒక్కటే ఏ బండినీ అమ్మించదు. అమ్మించాల్సింది అదునులో ఆగిపోవడం. విత్తే వారంలో నాలుగు రోజులు బండి షెడ్డులో ఉంటే పోయే పంట ఏ బిల్లులోనూ కనపడదు. పోయినేడు మీ బండి పని రోజుల్లో ఎన్నిసార్లు ఆగిందో పిల్లల్ని రాయమనండి. ఆగినప్పుడల్లా అద్దెకి ఇంకో బండి దొరికిందా లేదా అన్నది కూడా రాయమనండి. దొరికితే పాత బండితో ఇంకొన్నాళ్లు నెట్టుకురావచ్చు. దొరక్కపోతే, వరసగా రెండు అదునుల్లో ఆగితే, అప్పుడు పిల్లల మాటే సరైంది.

ప్రశ్న: మొదటిసారి ట్రాక్టరు కొంటున్నాను. పక్క చేను వాళ్లు 75 హార్స్‌పవర్ బండి తెచ్చారు. 50 తీసుకుంటే తర్వాత బాధపడతానేమో అని అనుమానం. అప్పు అయితే దొరుకుతోంది.

జవాబు: పక్క చేను వాళ్ల కిస్తీ మీరు కట్టరు కదా, వాళ్ల హార్స్‌పవర్ మీకెందుకు బాబూ?

మీ పనిముట్ల జాబితా రాయండి. వాటిలో బరువైనదానికి పీటీఓ (పనిముట్టుని తిప్పే వెనక షాఫ్టు) దగ్గర ఎంత శక్తి కావాలో దాని పుస్తకంలో ఉంటుంది. ప్రకటనలో పెద్దక్షరాలతో వేసేది మాత్రం చాలాసార్లు ఇంజన్ దగ్గరి అంకె. పీటీఓకి చేరేసరికి అది సుమారు 85 శాతమే మిగులుతుంది. ఈ అంకెల గారడీ కొత్తది కాదు. కంపెనీలు చెప్పింది నమ్మి మోసపోయిన రైతుల గోల పడలేక, అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం 1919లో చట్టం చేసి, 1920 నుంచి ట్రాక్టర్లని పరీక్షించి అంకెలు బయటపెట్టడం మొదలుపెట్టింది. ఇప్పటికీ ఆ పరీక్షలు జరుగుతున్నాయి. 1959 నుంచి చాలా దేశాలు, ఓఈసీడీ అనే దేశాల కూటమి పద్ధతిలో ఇలాంటి పరీక్షలే చేస్తున్నాయి. మీరు చూస్తున్న మోడలు పరీక్షా నివేదిక అడగండి. పీటీఓ శక్తి, గంటకి డీజిలు, లిఫ్టు ఎత్తే బరువు అన్నీ అందులో ఉంటాయి. మీరు దాని మాటెత్తగానే అమ్మేవాడు బ్రోచరు చేతిలో పెడితే, అది నివేదిక కాదని గుర్తుంచుకోండి.

ఇంకో మాట. పైన చెప్పిన ఏడాదికి 130 లెక్కని మీ గంటలతో భాగించండి. ఏడాదికి 1000 గంటలు తిప్పేవాడికి గంటకి 0.13 పడుతుంది. 260 గంటలే తిప్పేవాడికి 0.5, అంటే దాదాపు నాలుగింతలు. డీజిలు, డ్రైవరు దీనికి అదనం. ఆ మొత్తం కంటే అద్దె ట్రాక్టరు గంట తక్కువకి వస్తుంటే ఇప్పుడు అప్పు దొరకడం అదృష్టమేం కాదు.

ప్రశ్న: కంపెనీ స్పేర్ల ధరలు అందనంత పెరిగాయి. బయటి పార్టులు వేయొచ్చా?

జవాబు: కొన్ని వేయొచ్చు. బేరింగుల్నే తీసుకోండి. కంపెనీ డబ్బాలో వచ్చే బేరింగు కూడా చాలావరకు బేరింగుల కంపెనీ చేసిందే. రింగు మీద చెక్కిన నంబరు చదవండి. 6205 అని ఉంటే లోపలి కొలత 25 మిల్లీమీటర్లు, బయటిది 52, మందం 15. ప్రపంచంలో ఎక్కడైనా అంతే. పేరున్న బేరింగు కంపెనీది ఆ నంబరుతో బేరింగుల దుకాణంలో కొనుక్కోవచ్చు, చివర ఉండే అక్షరాలు కూడా కలిసేలా చూసుకోండి. ఆయిల్ సీలు మీద మూడు కొలతలుంటాయి, దానికీ అదే పద్ధతి. బెల్టులు, హోసులు, లైట్లు, బానెట్టు రేకులు, సీటు బయటివి చాలు. డైనమో, స్టార్టరు కొత్తవి కొనేముందు బాగుచేసేవాడికి చూపించండి.

ఇంజన్ లోపలికి వెళ్లేవాటితో మాత్రం ఆటలొద్దు. రింగులు, లైనర్లు, మెయిన్ బేరింగులు, డీజిలు ఫిల్టరు, ఇంజెక్టరు నాజిళ్లు మంచివే వేయండి. ఆయిల్ ఫిల్టరు పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. లోపల ఉండే చిన్న బైపాస్ వాల్వు సరిగా లేకపోతే ఏమవుతుందో చెబుతాను. ముందే తెరుచుకుంటే వడకట్టని ఆయిల్ బేరింగులకి పోతుంది, తెరుచుకోకపోతే ఫిల్టరు నిండినప్పుడు ఆయిలే పోదు. ఆ డబ్బాలో మిగిలించింది క్రాంక్‌కి కట్టాల్సి వస్తుంది.

ప్రశ్న: కొత్త బండ్లలో కంప్యూటరు లాక్ అయితే డీలరు మనిషి వచ్చేదాకా కదలవంటున్నారు. నిజమేనా? భయపడాలా?

జవాబు: కొన్నింటిలో నిజమే. పార్టు మీరే మార్చినా దాన్ని కంప్యూటరుకి పరిచయం చేయందే ఇంజన్ పూర్తి శక్తి ఇవ్వదు, ఆ సాఫ్ట్‌వేరు డీలరు దగ్గరే ఉంటుంది. దీని మీద రైతులు గట్టిగానే పోరాడుతున్నారు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో, వ్యవసాయ యంత్రాలను బాగుచేసుకునే హక్కుకి చట్టం చేసింది. అది 2024 జనవరి నుంచి అమల్లో ఉంది. 2025 జనవరిలో అక్కడ వ్యాపారాల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇదే విషయం మీద ట్రాక్టర్లు చేసే జాన్ డీర్ కంపెనీపై కోర్టుకెక్కింది.

కొనేముందు ఇవి అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి: ఫాల్టు కోడు డ్యాష్‌బోర్డు మీదే కనపడుతుందా? సెన్సారు మారిస్తే బయటి మెకానిక్ దాన్ని కలపగలడా? ఆ ల్యాప్‌టాప్ ఉన్న మనిషి మీ చేనుకి ఎంత దూరంలో ఉంటాడు? నా దృష్టిలో చివరి ప్రశ్నే అసలైంది.

పొగ శుద్ధి చేసే డీపీఎఫ్ ఉన్న బండిని గంటల తరబడి స్లోలో వదిలేయకండి, మసి పేరుకుంటుంది. అది తనను తాను కాల్చుకుని శుభ్రపరుచుకునేటప్పుడు తొందరపడి ఇంజన్ ఆపకండి. కొన్ని బండ్లలో పొగ శుద్ధికే పోసే యూరియా ద్రవం 32.5 శాతం గాఢతతో తయారై వస్తుంది. అందులో నీళ్లు కలిపితే మిగిలేదేమీ ఉండదు, పోయేది మాత్రం చాలా. ఇవన్నీ పీకేయించుకోమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. చాలా దేశాల్లో అది నేరం, పైగా అమ్మేటప్పుడు ధర పడిపోతుంది.

ప్రశ్న: మేం ముగ్గురు అన్నదమ్ములం. కలిసి ఒకే ట్రాక్టరు కొందామనుకుంటున్నాం. గొడవలొస్తాయా?

జవాబు: వస్తాయి. అయినా కొనండి. ఫ్రాన్సులో రైతులు 1945 నుంచి ‘క్యూమా’ పేరుతో సహకార సంఘాలు పెట్టుకుని యంత్రాలు కలిసి కొంటున్నారు. జర్మనీలోని బవేరియాలో 1958లో మొదలైన యంత్రాల సంఘాలదీ అదే దారి. వాళ్లకీ గొడవలుంటాయి, కాకపోతే నియమాలు ముందే రాసుకుంటారు. మీరూ రాసుకోండి. డ్రైవరు ఒక్కడే ఉండాలి. ఎవరు వాడినా గంటకి ఇంత చొప్పున ఉమ్మడి ఖాతాలో వేయాలి, మరమ్మతులు అందులోంచే జరగాలి. అదునులో ఎవరి చేను ముందన్నది ఏటా మారాలి. ఒకరు తప్పుకుంటే వాటా ధర ఎలా కట్టాలో కూడా ఇప్పుడే, అందరూ నవ్వుతూ మాట్లాడుకుంటున్నప్పుడే రాసేయండి.

ప్రశ్న: రోజూ సాయంత్రం ఎయిర్ ఫిల్టరు తీసి కంప్రెసరుతో గాలి కొడతాను. మంచిదే కదా?

జవాబు: కాదు. తీసిన ప్రతిసారీ కొంత దుమ్ము లోపలికి రాలుతుంది, ఎక్కువ ఒత్తిడితో గాలి కొడితే కాగితం చిరుగుతుంది. వెలుతురుకి పెట్టి చూస్తే తప్ప ఆ చిరుగు కనపడదు. కాస్త దుమ్ము పట్టిన కాగితం కొత్తదానికన్నా బాగానే వడకడుతుంది. ఫిల్టరు మూసుకుందని చూపే ఇండికేటరు ఎర్రగా మారాకే తీయండి, లోపలి చిన్న ఫిల్టరుకి అసలు గాలి కొట్టకండి, అది మార్చడానికే. రోజూ చూడాల్సింది ఫిల్టరుకీ ఇంజన్‌కీ మధ్య ఉన్న రబ్బరు గొట్టాన్ని, దాని క్లాంపుల్ని. అక్కడ చిన్న పగులున్నా ఫిల్టరు ఎంత మంచిదైనా ఒకటే.

వచ్చే నెలకి ఉత్తరం రాసేవాళ్లు బండి మోడలుతో పాటు అవర్ మీటరు అంకె, ఆఖరిసారి ఆయిల్ మార్చినప్పటి అంకె తప్పకుండా రాయండి. అవి లేక ఈసారి కొన్ని ఉత్తరాలు పక్కన పెట్టాల్సి వచ్చింది.