అడ్మిషన్ రిజిస్టర్ నుంచి మొదలుపెట్టు

చిన్నమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ప్రిన్సిపాల్‌వి అయ్యావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషం. 40 సీట్ల జీఎన్‌ఎం నర్సింగ్ స్కూలేగా అని తేలిగ్గా తీసుకోకు.

ముందు గేటు మీద "100 శాతం ఉత్తీర్ణత" ఫ్లెక్సీ ఉంటే దింపించు. 40 మంది చేరి, చివరి పరీక్షదాకా 30 మందే మిగిలి, ఆ 30 మందీ పాసైతే అది నూరు కాదు తల్లీ, 75. పోయిన 10 మంది ఫ్లెక్సీ మీద కనబడరు. అడ్మిషన్ రిజిస్టర్లో ఉంటారు. మూడేళ్ళకే పాసై బయటపడ్డవాళ్ళనూ, సప్లిమెంటరీలు రాసి నాలుగైదేళ్ళకు గట్టెక్కినవాళ్ళనూ ఒకే గంపలో వేయకు. చిన్న స్కూల్లో ఒక్క పిల్ల మానేసినా 2.5 శాతం పడిపోతుంది. ఒక బ్యాచ్ చూసి కంగారుపడొద్దు, పొంగిపోవద్దు. నాలుగు బ్యాచ్‌లు కలిపి చూడు.

ప్రతి పేరు పక్కనా ఇంటర్లో ఏ గ్రూపు, ఏ మీడియం, ఏ ఊరు, హాస్టలా ఇంటినుంచా, పెళ్ళయిందా, ఫీజు ఎవరు కడుతున్నారు అని రాయించు. కులం కాలమ్ స్కాలర్‌షిప్ కోసం ఎలాగూ నింపుతారు. పిల్ల ఎందుకు పోయిందో మాత్రం దాన్నిబట్టి తెలియదు. మానేసిన కారణం దగ్గర "వ్యక్తిగతం" అని ఉంటే గుమస్తాచేత మళ్ళీ రాయించు.

జీఎన్‌ఎంకి ఏ గ్రూపువాళ్ళయినా రావచ్చు కదా, సీఈసీ తెలుగు మీడియం పిల్లలు మొదటి ఏడాది అనాటమీ దగ్గరే కూలబడతారు. నా దగ్గర ఒకమ్మాయి ఉండేది. రోగి మంచం మీద ఉండగానే బెడ్‌షీట్ మార్చడంలో దాన్ని మించినవాళ్ళు లేరు. కాగితం మీద 'ఫీమర్' కనబడితే బిగుసుకుపోయేది. తొడ ఎముక అంటే గడగడా చెప్పేది. రోజూ సాయంత్రం గంటసేపు తెలుగులో చెప్పి ఇంగ్లీషులో రాయించాను, నాలుగు నెలలు. గట్టెక్కింది. అప్పటికే ఆ బ్యాచ్‌లో ఇద్దరు పెట్టె సర్దుకుని వెళ్ళిపోయారు. ముందే మొదలుపెట్టాల్సింది, నాదే ఆలస్యం.

సంక్రాంతి సెలవులు జాగ్రత్త. సంబంధాలు చూసేది అప్పుడే. సెలవులయ్యాక వారానికి ఫోన్ చేస్తే లాభం లేదు, మధ్యలోనే వార్డెన్‌చేత చేయించు. ఆమెకు తెలిసినంత నీ ఆఫీసుకు తెలియదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని పిల్లల సర్టిఫికెట్లు పట్టుకు కూర్చోకు, యాజమాన్యంతో గొడవైనా సరే.

దసరాకి వచ్చేటప్పుడు నాలుగు బ్యాచ్‌ల లెక్క రాసి పట్టుకురా, అరుగు మీద కూర్చుని చూద్దాం. అక్షరాలు పెద్దగా రాయి, నా అద్దాల నంబరు మళ్ళీ మారింది.

మీ పెద్దమ్మ