టెక్ సందేహాలు: పాచికి మందు వెతికేముందు లైటు గడియారం చూడండి

కొంతకాలంగా ఈ శీర్షికకి అక్వేరియంల గురించి ఉత్తరాలు పెరిగాయి. తొట్టె చుట్టూ ఇప్పుడు వైఫై లైటు, స్మార్ట్ ప్లగ్‌కి తగిలించిన హీటరు, కెమెరా ఉన్న మేత డబ్బా, నీళ్లలో వేలాడే సెన్సర్ ఉంటున్నాయి కాబట్టి అందులో వింతేమీ లేదు. ఫిర్యాదు కూడా దాదాపు ఒకటే: "అన్నీ స్మార్ట్‌వే కొన్నాం, అయినా పాచి పోవట్లేదు." మేత ఎంత వేయాలి, నీళ్లు ఎలా మార్చాలి అన్నవి చేపలు పెంచేవాళ్లకి తెలిసే ఉంటాయి. వాటి జోలికి వెళ్లను.

ప్రశ్న: లైటు రోజుకి 7 గంటలే వెలిగేలా యాప్‌లో పెట్టాను. మేత తగ్గించాను, వారం వారం నీళ్లు మారుస్తున్నాను. అయినా అద్దాలకి పాచి పట్టేస్తోంది. మాకు కరెంటు తరచూ పోతుంది. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందాండీ?

ఉంది. మీ ఉత్తరంలో అసలు విషయం ఆ చివరి మాటే. యాప్‌లో 7 గంటలని రాసి ఉన్నంత మాత్రాన లైటు అంతే వెలుగుతోందని అనుకోకండి. ఈ లైట్లలో చాలావాటికి గడియారాన్ని నడిపే బ్యాటరీ ఉండదు. కరెంటు వచ్చిన ప్రతిసారీ టైమెంతో ఇంటర్నెట్‌ని అడిగి తెలుసుకోవాలి. లైటుకి ప్రాణం రావడానికి క్షణం చాలు. రౌటర్ లేచి నెట్ అందుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఈలోగా లైటు ఒకటి రెండుసార్లు అడిగి మానేస్తే ఇక దానికి తోచిందే టైము. చాలా చిప్‌లు అలాంటప్పుడు 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి లెక్క మొదలుపెడతాయి. సాయంత్రం 6 గంటలకి కరెంటు వచ్చిందనుకోండి, లైటుకి అది అర్ధరాత్రి. ఉదయం 10కి వెలగాల్సినది తెల్లవారుజామున 4కే వెలుగుతుంది. ఇంట్లో అందరూ నిద్రలో ఉంటారు కాబట్టి ఎవరూ చూడరు. 9 గంటలకి నెట్ దొరికి టైము సరిచేసుకుంటే లైటు ఆరిపోయి, మళ్లీ 10కి వెలిగి సాయంత్రం 5 దాకా ఉంటుంది. ఆ రోజుకి మొత్తం 12 గంటల వెలుతురు. పాచికి ఇంకేం కావాలి? కొన్ని లైట్లయితే ఇంకా మొరటు. టైము తెలియకపోతే పూర్తి వెలుతురుతో అలా వెలుగుతూనే ఉంటాయి.

పరీక్షించడం తేలిక. రౌటర్ ఆపేసి, లైటు ప్లగ్ తీసి మళ్లీ పెట్టి, ఒక రోజంతా అదేం చేస్తోందో మీ కళ్లతో చూడండి. యాప్‌లోని చరిత్రని నమ్మకండి. అది మీరిచ్చిన ఆదేశాన్ని చూపిస్తుంది తప్ప లైటు నిజంగా చేసిన పనిని కాదు. ఈ మధ్య ఏదైనా అప్‌డేట్ వచ్చి ఉంటే టైమ్‌టేబుల్ మొత్తం మళ్లీ పెట్టుకోండి. అప్‌డేట్ అయ్యాక పాత సెట్టింగులు చెరిగిపోయి, అమ్మేటప్పుడు ఉన్న సెట్టింగులకి తిరిగిపోయిన లైట్ల గురించి నాకు ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. అప్‌డేట్ వేసేముందు మీ సెట్టింగులు తుడిచేస్తున్నామని ఒక్క మాట చెప్పని తయారీదారులంటే నాకు ఒళ్లు మండుతుంది. అవతల ఉన్నది బతికున్న జీవాలు.

నా సలహా ఒకటే. ఆ లైటుకి యాప్ టైమ్‌టేబుల్ తీసేసి, ముళ్లు తిరిగే మామూలు టైమర్ తగిలించండి. కరెంటు పోయినంతసేపు అదీ ఆగిపోతుంది, ఆ మేరకు వెనకబడుతుంది, అప్పుడప్పుడూ సరిచేయాలి. కానీ రోజుకి రెండుసార్లు లైటు వెలిగించదు. అద్దాలది గీకేయండి. నీళ్లే పచ్చబడితే మూడు రోజులు లైటు పూర్తిగా ఆపి, తొట్టెకి గుడ్డ కప్పండి. గాలి పంపు మాత్రం ఆపకండి. చచ్చిన పాచి కుళ్లుతూ నీళ్లలోని ఆక్సిజన్ తినేస్తుంది. నాలుగో రోజు నీళ్లు మార్చండి. తొట్టె కొత్తదై, పట్టింది గోధుమ రంగు పొర అయితే అవి డయాటమ్‌లనే కంటికి కనపడనంత చిన్న పాచి జీవులు, కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి.

ప్రశ్న: నీటి నాణ్యత చూపించే సెన్సర్ కొన్నాను. టీడీఎస్, పీహెచ్, ఉష్ణోగ్రత మూడూ "బాగుంది" అని పచ్చటి టిక్కు చూపిస్తోంది. చేపలు మాత్రం పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నిన్న రెండు చచ్చిపోయాయి. ఎవర్ని నమ్మాలి?

చేపల్ని నమ్మండి. ముందు మూడో వంతు నీళ్లు మార్చండి, క్లోరిన్ పోగొట్టే మందు వేయడం మరవకండి, ఇవాళ మేత మానేయండి. మిగతాది తర్వాత చదవండి.

టీడీఎస్ మీటరు కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందన్నదే. ఆ అంకెని లవణాల మొత్తంగా మార్చి చూపిస్తుంది. ఆ లవణాలేమిటో దానికి తెలియదు. కొన్ని వందలున్న ఆ అంకెలో చేపల్ని చంపగల, లీటరుకి 1 మిల్లీగ్రాము అమ్మోనియా ఎక్కడ కలిసిపోయిందో కనిపించనే కనిపించదు. చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషాలు అమ్మోనియా, నైట్రైట్. మీ సెన్సర్ చూడాల్సిన ఆ రెండింటినీ చూడనే లేదు. చూడనిదాని పక్కన పచ్చటి టిక్కు పెట్టడం అబద్ధమే. ఈ రకం వస్తువుల మీద నా అభిప్రాయం ఇంతకన్నా మెత్తగా చెప్పలేను.

పీహెచ్ (నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) సంగతి ఇంకా లోతైనది. నీళ్లలోని మొత్తం అమ్మోనియాలో చేపల్ని అసలు చంపే భాగం పీహెచ్‌ని బట్టి ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే అది ఒక శాతం లోపే. పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. ఒక్క అంకె తేడాకి విషం దాదాపు పది రెట్లు! సెన్సర్ కొనల్ని కొన్నాళ్లకోసారి పీహెచ్ కచ్చితంగా 7, 4 ఉండే బఫర్ ద్రావణాల్లో ముంచి సరిచేయకపోతే ఆ ఒక్క అంకె తప్పు చూపించడం మామూలే. మీరు కొన్నాక ఒక్కసారైనా సరిచేశారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. కొన ఎండిపోనివ్వకండి, శుద్ధజలంలోనూ నిలవ పెట్టకండి. దానికి పొటాషియం క్లోరైడ్ ద్రావణం ఉంటుంది.

అమ్మోనియాకీ నైట్రైట్‌కీ చుక్కలు వేసి రంగు చూసే కిట్ కొనుక్కోండి. పేపర్ స్ట్రిప్‌ని ఫోన్ కెమెరాతో స్కాన్ చేసి ఫలితం చెప్పే యాప్‌ల మీద ఆధారపడకండి. గదిలోని లైటుని బట్టి ఫోన్ కెమెరా రంగుల్ని తనంతట తాను మార్చేస్తుంది. ఆ పరీక్షలో ఉన్నదంతా రంగే కదా. ఇంకొక్క మాట. ఫిల్టర్ స్పాంజీని కుళాయి కింద కడిగి ఉంటే మీ అమ్మోనియాకి అదే కారణం కావచ్చు. దాన్ని తినే బ్యాక్టీరియా ఆ స్పాంజీలోనే ఉంటుంది, క్లోరిన్ దాన్ని చంపేస్తుంది. తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

ప్రశ్న: కెమెరా ఉన్న మేత డబ్బా కొన్నాం. యాప్ లొకేషన్, కాంటాక్ట్స్ అడుగుతోంది. ఇవ్వకపోతే పని చేయనంటోంది. ఊరెళ్లినప్పుడు చేపల్ని చూసుకోవాలని రౌటర్‌లో పోర్ట్ కూడా తెరవమన్నారు. తెరవచ్చా?

వద్దు. పోర్ట్ అంటే బయటి ఇంటర్నెట్ నుంచి మీ ఇంటి నెట్‌వర్క్‌లోకి వచ్చే తలుపు. తెరిచి ఉంటే ఇప్పుడే మూసేయండి.

లొకేషన్ అడగడానికి ఒకప్పుడు కారణం ఉండేది. పాత ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ వస్తువుని వెతకాలంటే ఆ అనుమతి తప్పనిసరి. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి దగ్గరి పరికరాల కోసం వేరే అనుమతి వచ్చింది. కొత్త ఫోన్‌లో ఇంకా లొకేషన్ అడుగుతోందంటే ఆ యాప్‌ని ఏళ్లుగా ఎవరూ పట్టించుకోలేదన్నా అనుకోవాలి, మీ సమాచారం మీద ఆశ ఉందన్నా అనుకోవాలి. ఇక కాంటాక్ట్స్ అంటారా, చేపలకి మేత వేయడానికి మీ చుట్టాల నంబర్లతో పనేమిటి?

అయినా నా బెంగ అనుమతుల గురించి కాదు. "చేపల్ని ఎవరో చూస్తే నష్టమేంటి" అని చాలామంది రాస్తారు. చేపల్ని చూడ్డానికి ఎవరూ రారు. ఆ డబ్బా మీ ల్యాప్‌టాప్, బ్యాంకు యాప్ ఉన్న ఫోన్ వాడే నెట్‌వర్క్‌లోనే కూర్చుంటుంది. అమెరికా ఖండంలోని ఒక కాసినోలో నెట్‌కి తగిలించిన చేపల తొట్టె ద్వారా దొంగలు లోపలి నెట్‌వర్క్‌లోకి దూరారని డార్క్‌ట్రేస్ అనే భద్రతా సంస్థ 2017లో బయటపెట్టింది. దాదాపు 10 గిగాబైట్ల డేటా ఫిన్లాండ్‌లోని ఒక యంత్రానికి వెళ్లిపోయింది. కోట్లు పెట్టి కాపలా కాసుకునే చోట తలుపు దొరికింది చేపల తొట్టె దగ్గర. అంతకు ముందు ఏడాది, 2016 అక్టోబర్ 21న, మిరాయ్ అనే మాల్‌వేర్ నెట్‌కి తగిలించిన కెమెరాలు, రికార్డర్ల పెద్ద గుంపుని ఉసిగొల్పి పెద్ద పెద్ద సైట్లు తెరుచుకోకుండా చేసింది. వాటిలోకి అది దూరింది ఏ మహా విద్యతోనో కాదు. ఫ్యాక్టరీలో పెట్టిన 60కి పైగా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతల్ని ఒకదాని తర్వాత ఒకటి వేసి చూసింది, అంతే. వాటిని మార్చే వీలు కూడా ఇవ్వకుండా వస్తువులు అమ్మినవాళ్లున్నారు. ఇలాంటి పాస్‌వర్డ్‌లని చట్టంతో నిషేధించడానికి బ్రిటన్‌కి 2024 ఏప్రిల్ 29 దాకా పట్టింది.

అందుకని ఇలా చేయండి. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ (మీ ఫోన్, ల్యాప్‌టాప్ వాడేదానికి వేరుగా ఉండేది) పెట్టి తొట్టె సామానంతా అందులోకి మార్చండి. రౌటర్‌లో యూపీఎన్‌పీ అనే సెట్టింగు ఆపేయండి, లేదంటే మీరు మూసిన పోర్ట్‌ని డబ్బా తనే తెరుచుకోగలదు. యాప్ పాస్‌వర్డ్ మీ ఈమెయిల్‌దీ అదీ ఒకటి కాకూడదు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదైతే ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేసి, పాత యజమాని ఖాతా నుంచి తీసేయించండి. లేకపోతే మీ హాలు వాళ్ల ఫోన్‌లో కనిపిస్తూనే ఉండొచ్చు. మేత డబ్బా నెట్ లేకుండా టైముకి మేత వేయలేదంటే తిరిగి ఇచ్చేయండి. సంస్థ సర్వర్ మూసేసిన రోజున అది ప్లాస్టిక్ ముక్కే.

ప్రశ్న: హీటరుని స్మార్ట్ ప్లగ్ మీద నడపొచ్చా?

సొంత థర్మోస్టాట్ ఉన్న హీటరైతే నడపొచ్చు. ఉష్ణోగ్రత దానికే వదిలేయండి, ప్లగ్‌ని పైన ఇంకో కాపలాగా మాత్రమే వాడండి. చవక ప్లగ్‌లో రీలే (కరెంటుని కలిపి, విడదీసే లోపలి స్విచ్) అతుక్కుపోతే యాప్‌లో "ఆఫ్" అని ఉన్నా కరెంటు పారుతూనే ఉంటుంది. వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. కరెంటు తిరిగొచ్చాక ఏ స్థితిలో ఉండాలన్న సెట్టింగు తప్పక చూడండి. ఫిల్టర్ కూడా స్మార్ట్ ప్లగ్ మీదే ఉంటే దాని సెట్టింగు ఎప్పుడూ "ఆన్"లో ఉండాలి.

ప్రశ్న: పాచికి యాప్‌తో నడిచే యూవీ లైటు కొనమంటున్నారు. పనిచేస్తుందా?

నీళ్లలో తేలే పచ్చదనానికి పనిచేస్తుంది, దాని గుండా పోయే నీళ్లు తగినంత నెమ్మదిగా పారితే. అద్దానికీ రాళ్లకీ పట్టినదాన్ని అది తాకనే తాకదు. పాచికి ఆహారమైన నైట్రేట్, ఫాస్ఫేట్ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. కొంటే యాప్ లేనిది, దీపం పూర్తిగా కవచంలో ఉండేది కొనండి, నేరుగా చూస్తే కళ్లకి హాని. ట్యూబ్ రకమైతే ఏడాదికోసారి మార్చాలి. అప్పటికీ వెలుగుతూనే ఉంటుంది కానీ పాచిని చంపే శక్తి పోయి ఉంటుంది.