కోడలి మారుమనువు మాట వచ్చినప్పుడు

అమ్మా,

కల్వకుర్తి దగ్గరి పల్లె నుంచి మీరు రాసిన ఉత్తరం రెండుసార్లు చదివాను. పెద్దబ్బాయి రోడ్డు ప్రమాదంలో పోయి రెండేళ్లు. కోడలికి 26, మనుమడికి 5. వియ్యంకులు ఆమెకు మారుమనువు చేస్తామంటున్నారు. చిన్నకొడుక్కే ఇచ్చి చేస్తే మనుమడూ, మూడెకరాల భూమీ ఇంట్లోనే ఉంటాయి కదా అని మీరు అడిగారు. "చిన్నోడు ఏం మాట్లాడతలేడు" అని కూడా రాశారు.

ఆ మౌనాన్ని ఒప్పుకోలు అనుకోకండి. ఏడేళ్లు "వదినా" అని పిలిచి, ఆమె వడ్డిస్తే తిన్న పిల్లాడు. ఇప్పుడు ఆమెనే భార్య అనుకోమంటే ఎవరికైనా టెన్షనే. పెద్దమనుషులు లేనప్పుడు ఇద్దరినీ వేర్వేరుగా అడగండి. ఏ ఒక్కరు వద్దన్నా ఆ మాట అంతటితో వదిలేయండి. పైగా 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం అన్న భార్యను తమ్ముడు చేసుకోకూడదు, మీ కులంలో పాతకాలం నుంచి ఆచారం ఉంటే తప్ప.

ఇక భూమి. వలసపోయి, మట్టిపని చేసి కూడబెట్టిన డబ్బుతో మీ అబ్బాయి కొన్న మూడెకరాలు. మీ భయం తప్పు కాదు. వీలునామా లేదన్నారు కాబట్టి 1956 వారసత్వ చట్టం ప్రకారం అది తల్లికి, భార్యకు, కొడుకుకు సమానం. తలా ఎకరం. కోడలు మళ్లీ పెళ్లి చేసుకున్నా ఆమె ఎకరం ఆమెదే, మీ ఎకరం మీదే. మనుమడి ఎకరం కోర్టు అనుమతి లేనిదే కన్నతల్లి కూడా అమ్మలేదు. ఆమెకు వచ్చిన రైతుబీమా 5 లక్షల్లో కొంత పిల్లాడి పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయమని నెమ్మదిగా అడగండి, కాదనదనే నా నమ్మకం.

"పిల్లాణ్ణి వదిలిపెడితేనే పెళ్లి" అని మాత్రం అనకండి. తండ్రి పోయిన బిడ్డకు తల్లిని కూడా దూరం చేయొద్దు. చట్టం చూసినా తండ్రి తర్వాత సంరక్షకురాలు తల్లే.

మీ ఉత్తరం చివర ఒక మాట ఉంది. నిరుడు సద్దుల బతుకమ్మ నాడు తంగేడు, గునుగు తెచ్చి, రంగులద్ది, పొద్దంతా కూర్చొని బతుకమ్మను పేర్చింది మీ కోడలే. ఆడే వేళకు మాత్రం తలుపు చాటున నిలబడిందన్నారు. మీ కంట్లో నీళ్లు తిరిగాయన్నారు. నాకు ఈ ఉత్తరంలో భూమి కంటే ఆ తలుపే ఎక్కువ కనబడింది. ఈసారి పండుగ దాకా ఆగకుండా "నీకేం కావాలి బిడ్డా" అని మీరే అడగండి. పుట్టింటివాళ్ల ముందు ఒకలా, మీ ముందు ఒకలా చెప్పొచ్చు, తొందరపెట్టకండి.

ఆమె సరే అంటే వచ్చే సంబంధం గురించి మీరూ వాకబు చేయండి. పిల్లాడి బడి ఏ ఊళ్లో, దసరా, ఎండాకాలం సెలవులు ఎవరింట్లో అన్నది పెళ్లికి ముందే వియ్యంకులతోనూ, అబ్బాయివాళ్లతోనూ కూర్చొని మాట్లాడుకోండి.