మీ నాన్నగారికి ఆ ఫైలు చూపించండి

"నాన్నగారికి 71 ఏళ్లు, రిటైర్డ్ హెడ్మాస్టరు. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యింది, కీమో నడుస్తోంది. ఆయనకు మాత్రం పేగులో పుండు అని చెప్పాం. తెల్లకణాలు తగ్గాయని కీమో రెండుసార్లు వాయిదా వేశారు. సరిగ్గా తినరు, మాట్లాడరు, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు. గళ్లనుడికట్టు పూర్తిచేస్తే గాని టిఫిన్‌కు లేవని మనిషి, నెలరోజులుగా పేపరు మడత విప్పడం లేదు. దిగులు వల్లే ఇమ్యూనిటీ పడిపోతోందని బాబాయి అంటున్నారు. తిప్పతీగ కషాయం పట్టమంటారా?"
– ఒక కొడుకు, విజయనగరం జిల్లా

కషాయం వద్దు. తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. కీమో నడుస్తుండగా క్యాన్సర్ డాక్టరుకు తెలియకుండా చెంచాడు కూడా పట్టకండి.

మీ బాబాయి మాటలో కొంత నిజముంది. దిగులు జబ్బుగా ముదిరితే కార్టిసాల్ అనే హార్మోను అదుపు తప్పుతుంది. చెడ్డ కణాలను పట్టుకునే నేచురల్ కిల్లర్ కణాలు మందగిస్తాయి. వయసు మీద పడ్డవాళ్లలో రోగనిరోధక శక్తి అసలే తగ్గి ఉంటుంది. 1995లో అమెరికాలో, మతిమరుపు జబ్బున్న బంధువులకు ఏళ్లతరబడి సేవచేస్తున్న ఆడవాళ్ల చేతిమీద చిన్న గాయం చేసి చూశారు. మిగతావాళ్లకన్నా వాళ్లకు మానడానికి తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. అయినా, కీమో మధ్యలో తెల్లకణాలు తగ్గితే ముందు అనుమానించవలసింది ఆ మందునే. "నువ్వు దిగులు పడబట్టే ఇలా అయింది" అని ఆ ఇంట్లో ఎవరి నోటివెంటా రాకూడదు. దిగులు తగ్గితే క్యాన్సర్ తగ్గుతుందని నేను చెప్పను. ఆయన బాధపడుతున్నారు, తినడం లేదు. వైద్యం చేయించడానికి ఆ కారణం చాలు.

మీరు అడగని విషయం ఒకటుంది. ఫైలు బీరువాలో పెట్టి తాళం వేశామని, ఆపరేషన్ కాగితాల మీద మీరే సంతకం పెట్టారని ఉత్తరం చివర రాశారు. ఊళ్లో సగం మంది పిల్లల టీసీల మీద సంతకం చేసిన మనిషి ఆయన! కీమో వార్డులో గోడమీది బోర్డు చదవలేరనుకున్నారా? ఆయనకు తెలుసనే నా నమ్మకం. మీరు బాధపడతారని ఆయన, ఆయన తట్టుకోలేరని మీరు, ఒకే ఇంట్లో చెరో గదిలో ఒంటరిగా ఉన్నారు. తండ్రిని కాపాడుకోవడం కొడుకు ధర్మమే, కాదనను. కానీ ఆయన శరీరం గురించి ఆయన్ని అడక్కుండా నిర్ణయాలు తీసుకోవడం ఆయన పెద్దరికాన్ని తీసేయడమే.

పెద్దవాళ్లు "దిగులుగా ఉంది" అనరు. "ఆకలి లేదు", "నాకెందుకురా ఇంత ఖర్చు" అంటారు. ఆకలి, నిద్ర తగ్గడం కీమో వల్లా కావచ్చు. పేపరు మడత విప్పకపోవడమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. సైకియాట్రిస్టుకు చూపించండి, కీమో మందుల చీటీ తీసుకెళ్లండి. దిగులుకు ఇచ్చే మందు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, వారానికే మానేయకండి. చావు మాట ఎత్తితే "ఛ, అలా అనకు" అని నోరు మూయించకండి. పక్కన కూర్చుని ఏం ఆలోచిస్తున్నారో సూటిగా అడగండి, ఆ రోజు ఒంటరిగా వదలకండి. తెల్లకణాలు తగ్గి ఉన్నాయి కాబట్టి, జ్వరం 100.4 డిగ్రీలు దాటితే మాత్రం అర్ధరాత్రయినా ఆసుపత్రికి బయలుదేరాలి.

జబ్బు పేరు ఒక్కసారిగా మొహాన చెప్పెయ్యకండి. "నాన్నా, మీ జబ్బు గురించి మీరేమనుకుంటున్నారు?" అని అడిగి ఊరుకోండి. ఎంత తెలుసుకోవాలో ఆయనే చెబుతారు. ఫైలు అడిగితే చేతికివ్వండి. ఈసారి డాక్టరు గదిలో ఎదుటి కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి, మీరు వెనక నిలబడండి. మీకూ నిద్రపట్టడం లేదన్నారు కదా, మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు.