పచ్చగడ్డి మేసిన గొర్రెలు ఎందుకు తూలుతున్నాయి?

ప్రశ్న: మా తమ్ముడు న్యూజిలాండ్‌లో గొర్రెల ఫామ్‌లో పనిచేస్తాడు. అక్కడ ఎండాకాలం చివర్లో గొర్రెలు తాగినట్టు తూలి పడిపోతుంటాయట. గడ్డి లోపలి బూజు వల్ల అంటాడు. వీడియోలో చూపించిన గడ్డి మాత్రం నవనవలాడుతోంది. బూజు ఉందని తెలిసీ ఆ విత్తనమే ఎందుకు చల్లుతారు?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీ తమ్ముడు చెప్పింది నిజమేనమ్మా. ఇది రొట్టె మీద పట్టే బూజులా పైకి కనిపించదు. అక్కడ ఎక్కువగా పెంచే రైగ్రాస్ అనే గడ్డిలో ఎపిక్లోయీ అనే శిలీంధ్రం కణాల మధ్య సందుల్లో సన్నటి పోగుల్లా అల్లుకుని ఉంటుంది, విత్తనంతో పాటే తర్వాతి మొక్కకూ వెళ్తుంది, గడ్డికి మాత్రం జబ్బు చెయ్యదు. ఇలాంటి వాటిని ఎండోఫైట్లు అంటారు.

చిక్కంతా అది తయారుచేసే రసాయనాలతోనే. లోలిట్రెమ్ బి అనేది నరాల మీద పనిచేస్తుంది. అందుకే మేస్తున్నంతసేపూ బాగానే ఉన్న గొర్రె, అదిలించి తోలగానే తల వణికి, కాళ్లు బిగుసుకుపోయి పడిపోతుంది, కదిలించకుండా వదిలేస్తే కాసేపటికి తనే లేస్తుంది. దీనికి ఆ శిలీంధ్రంతో సంబంధం ఉందని 1981లో తేలింది.

మరి దాన్ని తీసేస్తే? తీసేసి చూశారు కూడా. గొర్రెలు తూలలేదు గానీ అర్జెంటైన్ స్టెమ్ వీవిల్ అనే ముక్కుపురుగు పడి గడ్డే మిగలలేదు! ఎందుకంటే ఆ పురుగును దగ్గరికి రానివ్వని పెరమైన్‌ను తయారుచేసేదీ ఆ శిలీంధ్రమే. అప్పుడు పరిశోధకులు చేసిన పని నాకు చాలా నచ్చుతుంది: ప్రకృతిలోనే ఉన్న రకాలన్నీ వెతికి, పెరమైన్ చేస్తూ లోలిట్రెమ్ చెయ్యని ఏఆర్1 అనే రకాన్ని పట్టుకుని గడ్డి మొలకల్లోకి ఎక్కించారు. తర్వాత వచ్చిన ఏఆర్37 ఇంకా ఎక్కువ పురుగుల్ని ఆపుతుంది, కాకపోతే దాంతో గొర్రెలు అప్పుడప్పుడు తూలొచ్చు. పాత పచ్చిక బయళ్లలో మాత్రం పాత శిలీంధ్రమే ఉంటుంది.

మీ తమ్ముడికి ఒక మాట చెప్పండి. ఈ విషం గడ్డి మొదళ్ల దగ్గర, కంకుల్లో ఎక్కువ, కాబట్టి నేలకంటా మేయనివ్వకూడదు. తూలుతున్న మందను కుక్కతో తరమొద్దు, నెమ్మదిగా వేరే మేతకు మార్చాలి, చెరువులకూ కాలువలకూ దూరంగా ఉంచాలి, నీళ్లలో పడితే లేవలేక చనిపోతాయి.